ఇంటి దగ్గరే కారు పని – 7వ పాఠం: కదలనంటున్న స్పార్క్ ప్లగ్

స్పార్క్ ప్లగ్ (ఇంజిన్‌లో పెట్రోలుకు నిప్పురవ్వ ఇచ్చేది) మీది కాయిల్ (దానికి కరెంటు పంపేది) విప్పడం, ప్లగ్ గుంటలోని దుమ్ము ఊదేయడం, సాకెట్ (ప్లగ్ తల మీద కూర్చునే గొట్టం పానా) దించడం కిందటి పాఠంలో అయిపోయాయి. మిగతావి మామూలు పట్టుకే వదిలి, ఒకటి మాత్రం మొరాయిస్తే ఏం చేయాలన్నది ఈ పాఠం. చెన్నై బళ్ళలో ఇది అరుదేమీ కాదు. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు ఉప్పుగాలి ఉండనే ఉంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ ఉన్నాయి. మా లెక్కలో వీటికన్నా ఎక్కువ చెరుపు చేసేది వాటర్ వాష్‌లో ఇంజిన్ మీద నేరుగా కొట్టే నీళ్ళు. కాయిల్ రబ్బరు గట్టిపడి ఉంటే ఆ నీళ్ళు గుంటలోకి దిగి, బయటికి దారి లేక ప్లగ్ చుట్టూ నిలిచిపోతాయి.

ప్లగ్ రెండు చోట్ల పట్టేస్తుంది. పైన ప్లగ్ ఉక్కు ఒంటికీ అల్యూమినియం హెడ్‌కీ (సిలిండర్ల పై మూత, ప్లగ్ దిగేది ఇందులోకే) మధ్య తడి చేరితే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడిగా మారుతుంది. కింద సిలిండర్ లోపలికి తేలిన మర చుట్లలో మసి గట్టిగా పేరుకుంటుంది. టార్చి వేసి గుంట చూడండి. తెల్ల పొడి కనిపిస్తే పై పట్టు. ఎర్రగా ఉంటే ప్లగ్ ఒళ్ళు తుప్పు పట్టింది, ఆరు పలకల మీద సాకెట్ జారే ప్రమాదం ఉంది కాబట్టి పన్నెండు పలకల సాకెట్ అసలు వాడొద్దు. అంతా పొడిగా, శుభ్రంగా ఉండి కూడా కదలకపోతే కింద మసి అయినా పట్టి ఉండాలి, కిందటిసారి ఎవరో అతిగా బిగించి అయినా ఉండాలి.

ఇక్కడ చాలామంది చేసే పని గుంట నిండా డబ్ల్యూడీ-40 నూనె స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయడం. దానివల్ల దాదాపు ఏ ఉపయోగమూ ఉండదు. ప్లగ్ కింద నలిగి కూర్చున్న వాషర్ ఉందే, సిలిండర్ లోపలి గ్యాసును బయటికి రానివ్వనిది, అదే నూనెను లోపలికి పోనివ్వదు. మర అంతా ఆ వాషర్‌కు దిగువనే ఉంటుంది. కాబట్టి ముందు ప్లగ్‌ను రవ్వంత కదపాలి, వాషర్ పట్టు వదలాలి, ఆ తర్వాతే నూనె. ఈ పాఠంలో మిగతాదంతా ఈ వరస చుట్టూనే తిరుగుతుంది.

మొదటి ప్రయత్నం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే. రాత్రంతా నీడలో ఆగిన బండి అయితే మంచిది. బండి నుంచి తాళంచెవి తీసేయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. మన చిన్న పెట్రోలు కార్లలో ప్లగ్‌కు ఎక్కువగా 16 లేదా 14 ఎం.ఎం. సాకెట్ పడుతుంది. సాకెట్ అడుగు దాకా కూర్చుందని చేత్తో నొక్కి చూసుకోండి. ఎక్స్‌టెన్షన్ (సాకెట్‌ను పిడికి కలిపే పొడుగు కడ్డీ) నిటారుగా ఉండాలి. మడత కీలు ఉన్న జాయింటు మొండి ప్లగ్ దగ్గర వాడకూడదు. రాచెట్ (సాకెట్‌ను తిప్పే పిడి) తల మీద ఎడమ అరచేయి ఆనించి అదిమి పట్టి, కుడిచేత్తో పిడి లాగండి. ఎక్స్‌టెన్షన్ ఒక పక్కకు ఒరిగితే పింగాణీ చిట్లుతుంది, ఆ ముక్కలు ప్లగ్ తీసేటప్పుడు సిలిండర్‌లో పడి గోడలు గీస్తాయి.

ఎంత బలం పెట్టొచ్చు? 14 ఎం.ఎం. మర (ఇది సాకెట్ సైజు కాదు, మర వ్యాసం) ఉన్న ప్లగ్‌ను అల్యూమినియం హెడ్‌లో బిగించే కొలత 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), 12 ఎం.ఎం. మరకు 15 నుంచి 20. విప్పడానికి దానికన్నా కాస్త ఎక్కువే పడుతుంది. మొదటిదానికి 50, రెండోదానికి 30 దాటనివ్వొద్దని మా సలహా. క్లిక్ రకం టార్క్ రెంచిని (కొలత ప్రకారం బిగించే పానా) విప్పడానికి వాడి పాడు చేసుకోకండి. సామాను తూచే స్ప్రింగ్ కాటా కొక్కేన్ని రాచెట్ పిడికి, సాకెట్ మధ్య నుంచి సరిగ్గా 25 సెంటీమీటర్ల దగ్గర తగిలించి, పిడికి అడ్డంగా లాగితే 10 కిలోలకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, 20 కిలోలకు సుమారు 50. పిడికి పైపు తొడిగి పొడుగు చేస్తే ఈ లెక్క తప్పుతుంది, చేతికి అందే కబురూ పోతుంది. సుత్తి, ఇంపాక్ట్ గన్ జోలికి వెళ్ళనే వద్దు.

నిదానంగా బరువు పెంచుతూ పోయే బదులు పొట్టిగా, చురుగ్గా లాగి వదలండి. రెండు మూడు లాగుళ్ళకు కదలకపోతే ఒక్కసారి బిగించే వైపు, కొత్త ప్లగ్‌కు పెట్టే బలం మించకుండా లాగి, మళ్ళీ విప్పే వైపు రండి. తెల్ల పొడి పట్టు అటూ ఇటూ కదలికకు త్వరగా చిట్లుతుంది. ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ప్లగ్ వదిలితే సరే. చప్పుడు లేకుండా పిడి రబ్బరులా సాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి, ప్లగ్ ఒళ్ళు మెలిపడుతోంది.

హద్దు దాకా వచ్చినా కదల్లేదా? ప్లగ్ ఇంకా బిగుతుగానే ఉంది కాబట్టి ఇంజిన్ నడపొచ్చు. గుంటలో నూనె ఏమైనా పోసి ఉంటే గుడ్డతో పూర్తిగా తుడిచి, కాయిల్ పెట్టి, మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. హెడ్ పైకప్పు మీద చేయి పెట్టి కొన్ని క్షణాలు ఓర్చుకోగలిగేంత వేడి చాలు. అదే వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వెంట్రుకవాసిలో పదో వంతైనా వదులవుతుంది, పొడి పట్టు విరగడానికి అది సరిపోతుంది. ఫ్యాను తిరిగేంత వేడి మాత్రం వద్దు, అప్పుడు అల్యూమినియం మర ఉక్కుకు అంటుకుని చీలివచ్చే ప్రమాదం ఉంది. పెట్రోలు ఆవిరి ఉండే చోట మంట చూపించే ఆలోచన వద్దు.

ప్లగ్ ఎనిమిదో వంతు చుట్టు తిరిగింది అనుకుందాం. ఇప్పుడు తీసేయాలన్న తొందర వస్తుంది, మర ఎక్కువగా పోయేది కూడా ఇక్కడే. కింద పేరుకున్న మసి పైకి వస్తూ మెత్తటి అల్యూమినియం చుట్లను కోసుకుంటూ వస్తుంది. ఆగి, సన్నటి గొట్టంతో ప్లగ్ మొదలు దగ్గర పావు టీస్పూను పెనిట్రేటింగ్ నూనె (సన్న సందుల్లోకి పాకేది) వేయండి. అంతకు మించితే కాయిల్ రబ్బరుకే చేటు. అపార్ట్‌మెంటు స్టిల్ట్ పార్కింగులో శనివారం సాయంత్రం ఇంతవరకు చేసి, ఆదివారం పొద్దున్నే మిగతాది పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఈ మధ్యలో ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

పొద్దున పావు చుట్టు విప్పండి, ఎనిమిదో వంతు వెనక్కి బిగించండి, మళ్ళీ పావు. బరువు పెరిగినప్పుడల్లా వెనక్కి వెళ్ళి, చుక్క నూనె వేసి, పది నిమిషాలు ఆగండి. ఒక్క ప్లగ్‌కు గంట పట్టినా పట్టనివ్వండి. కీచుమంటే భయం లేదు, నూనె కావాలని అర్థం. ఇసుక నలిగినట్టు కరకరలాడితే మసి తగులుతోంది, వెనక్కి వెళ్ళాల్సిందే. మొదట తేలికై, తర్వాత బరువు ఏకధాటిగా పెరుగుతూ పోతే మర లేస్తోంది, అంటే హెడ్‌లోని చుట్లు చెరిగిపోతున్నాయి. అక్కడ ఆపేసి బండిని మెకానిక్ దగ్గరికి తోయించడమే చవక.

బయటికి వచ్చిన ప్లగ్ మర చూడండి. నల్ల పెళుసులు ఉంటే సరే. చుట్ల మధ్య మెరిసే తీగలాంటిది ఉంటే అది హెడ్ తాలూకు మర. హెడ్‌ను శుభ్రం చేయడానికి ట్యాప్ కాదు, థ్రెడ్ చేజర్ కావాలి. ట్యాప్ కొత్తగా కోస్తుంది, చేజర్ ఉన్న దారినే తుడుస్తుంది. ఇలాంటివి జనరల్ ప్యాటర్స్ రోడ్ అంగళ్ళలో వెతకండి. పాత ప్లగ్ పట్టుకెళితే సైజు గొడవ ఉండదు. చేజర్ గాడుల్లో గ్రీజు నింపితే చెత్త దానికే అంటుకుంటుంది. తర్వాత కాయిళ్ళు, ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసేసి, రంధ్రం మీద గుడ్డ కప్పి, మొహం దూరంగా పెట్టి రెండు సెకన్లు స్టార్టర్ తిప్పితే లోపలి నూనె, నలుసులు బయటికి వస్తాయి.

కొత్త ప్లగ్ పింగాణీకి బిగుతుగా పట్టే పెట్రోలు పైపు ముక్క తొడిగి, దాంతోనే తిప్పి ఎక్కించండి. మర అడ్డంగా పడితే పైపు జారిపోతుంది కానీ హెడ్ చెడదు. వాషర్ ఆనే దాకా వేళ్ళ బలమే. ఆపైన టార్క్ రెంచి, అది లేకపోతే 14 ఎం.ఎం. మర ఉన్న కొత్త ప్లగ్‌కు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతులు. మెరుపు పూత ఉన్న ప్లగ్‌లకు యాంటీ సీజ్ గ్రీజు (మర పట్టేయకుండా పూసేది) పూయకండి. మర జారుడై, అదే కొలతకు కావలసినదానికన్నా ఎక్కువ బిగుస్తుంది.

8వ పాఠంలో మర లేచిపోయిన రంధ్రానికి హెలికాయిల్ (పోయిన మర చోట కూర్చునే తీగచుట్ట) వేయడం. దానికి మీ ప్లగ్ మర సైజుతో పాటు పిచ్ (ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం) కూడా కావాలి, 14 ఎం.ఎం. మర ఉన్న ప్లగ్‌కు అది 1.25 ఎం.ఎం. అలాగే మర పొడవు పాత ప్లగ్ మీద స్కేలు పెట్టి కొలిచి రాసి ఉంచుకోండి.