చలికాలం రాకముందే గీజర్ విప్పించండి

దసరా దాటితే హైదరాబాద్‌లో పొద్దున్నే గీజర్ వేయక తప్పదు. అప్పుడు మెకానిక్ ఒక పట్టాన దొరకడు, అందుకే ఇప్పుడే పిలిపించండి. ముఖ్యంగా మీకు వచ్చేవి నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు కాక, సున్నం ఎక్కువుండే బోరు నీళ్లయితే.

మా 15 లీటర్ల గీజర్‌ని రెండేళ్లు ముట్టుకోలేదు. నీళ్లు కాగడానికి అరగంట పట్టడం మొదలైంది, లోపల పేలాలు వేయించినట్టు చిటపటలు. విప్పితే కాయిల్ కనబడనే లేదు, దాని మీద గుడ్డు పెంకులాంటి తెల్లటి సున్నం పొర. అడుగున గుప్పెడు పెచ్చులు.

సుత్తితో కొట్టి రాల్చనివ్వకండి, కాయిల్ పగులుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి, కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నాలుగు చెంచాలు కలిపి కాయిల్ నానబెట్టాం. వైర్లు బిగించే చోటు మాత్రం తడవకూడదు. గంటలో బుసబుసా పొంగి పొర మెత్తబడింది, పాత బ్రష్‌తో రుద్దితే ఊడొచ్చింది.

పనిలో పనిగా ఆనోడ్ రాడ్ కూడా చూడమనండి. మెగ్నీషియం కడ్డీ అది. ట్యాంకుకు పట్టాల్సిన తుప్పు తనకు పట్టించుకుని అరిగిపోతుంది. మాది తీగలా మిగిలింది. కొత్తది వేయించాం. కొందరు మెకానిక్‌లు అడిగితే తప్ప దాని ఊసే ఎత్తరు!

విప్పే ముందు కరెంటు బోర్డులో గీజర్‌కి వెళ్లే ఎంసీబీ స్విచ్ ఆపేయాలి. బిగించాక వేడి కుళాయి తిప్పి, నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది. నీళ్ల వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్‌ని 60 డిగ్రీలు దాటనివ్వకపోతే సున్నం కాస్త నెమ్మదిగా పడుతుంది.