బొగ్గు ముక్క చేతిలో పెడితే పారిపోకండి

గ్లాస్గోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ. బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, బస్ పాస్ సంగతులు మీ సీనియర్లు చెప్తారు. నేను రాస్తున్నది పోయిన వారం బర్న్స్ సప్పర్‌లో, అంటే స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ పేరు మీద ఏటా జరిగే విందులో, తింటూ తింటూ లేచి వెళ్ళిపోయిన ఓ కుర్రాడి గురించి.

పళ్ళెంలో వడ్డించిన హాగిస్ అంటే ఏంటని అడిగాడు పాపం. పక్కాయన నవ్వకుండా చెప్పాడు: అది కొండల మీద తిరిగే జంతువట, వాలులో పడిపోకుండా ఒక పక్క కాళ్ళు పొట్టిగా ఉంటాయట, వెనక్కి తిప్పితే దొర్లి పడుతుందట. మనవాడు నమ్మాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. అంతే, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒరే నాయనా, ఆ కథ ఇక్కడికి కొత్తగా వచ్చిన ఎవరికైనా చెప్తారు. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో అయితే అడవి హాగిస్ అని ఓ బొమ్మ చేసి మరీ ప్రదర్శనకు పెట్టారు. ఊరంతా కలిసి ఆడే పరాచికం అది.

అయినా వాణ్ణి అనడానికి నాకు నోరెక్కడిది? నేను వచ్చిన మొదటి డిసెంబరు ఇంతకన్నా ఘోరం. నాలుగు కాకముందే చీకటి, ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. 31 రాత్రి క్లాస్‌మేట్ ఒకడు హాగ్మనేకి ఇంటికి పిలిచాడు. అంటే ఇక్కడివాళ్ళ కొత్త సంవత్సరం పండగ. పన్నెండుకి పది నిమిషాలుందనగా నా చేతిలో ఓ బొగ్గు ముక్క, షార్ట్‌బ్రెడ్ ప్యాకెట్ పెట్టి, ఏదో చెప్పి, బయటికి తోసి తలుపేశారు. ఆ యాసలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నల్లగా ఉన్నానని బొగ్గు ఇచ్చి గెంటేశారనుకున్నా. కోటు లోపలే ఉండిపోయింది. వణుక్కుంటూ అరగంట నడిచి రూముకి పోయా. రెండు వారాలు వాళ్ళ ముఖం చూడలేదు.

అసలు సంగతి ఏంటంటే, అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టే మనిషిని ఫస్ట్ ఫుట్ అంటారు. ఆ మనిషిని బట్టే ఇంటికి ఆ ఏడాది అదృష్టం. పొడుగ్గా, నల్లజుట్టుతో ఉన్న మగవాడైతే మహా శుభం. లేతరంగు జుట్టువాడు తలుపు తట్టాడంటే పూర్వం దోచుకోవడానికొచ్చిన వైకింగ్ అని భయమట, అందుకే ఈ నమ్మకం అంటారు. పొయ్యి ఆరకూడదని బొగ్గు, తిండికి లోటు రాకూడదని షార్ట్‌బ్రెడ్. మన ఇళ్ళలో ప్రయాణానికి ముందు ముత్తైదువను ఎదురు రమ్మంటాం చూడండి, ఆ మర్యాద నాకిచ్చారు. నేనేమో శకునాన్ని చేతిలో పెట్టుకుని పారిపోయా.

అందుకే మళ్ళీ మళ్ళీ చెప్తున్నా. అర్థం కాకపోతే అడగండి. రెండోసారి అడగండి, మూడోసారి కూడా. ఎవరూ తినేయరు. ఇక్కడ ముఖం మీద ఎగతాళి చేస్తున్నారంటే దగ్గరివాడిగా లెక్కేసినట్టు. మనకు బావామరదుల వేళాకోళం తెలీదా? బర్న్స్ సప్పర్‌లో మగవాళ్ళ తరఫున ఒకరు ఆడవాళ్ళను ఆటపట్టిస్తూ మాట్లాడతారు, ఆడవాళ్ళ తరఫున ఒకరు లేచి అంతకంత వడ్డిస్తారు. అచ్చం వియ్యాలవారి పాటలే. రోడ్డు మీద ఎవడో తాగి తిట్టేది వేరు, దాన్ని నవ్వి ఊరుకోమని నేను అనను.

హాగిస్ గురించి ఇంకో మాట. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, ఓట్స్, ఉల్లిపాయ, మసాలా. బోటీ కూర లొట్టలేసుకుని తినేవాళ్ళు దీనికి ముక్కు మూసుకోవడం ఏంటో! కాకపోతే కొన్నిట్లో ఆవు కొవ్వు కలుస్తుంది, పట్టింపు ఉంటే రెండు రోజుల ముందే చెప్పండి. శాకాహార హాగిస్ సూపర్‌మార్కెట్‌లోనే దొరుకుతుంది. విస్కీ వద్దంటే వద్దని చెప్పండి, జ్యూస్ గ్లాసు ఎత్తినా బర్న్స్ ఏమీ అనుకోడు. ఆయన పుట్టింది 1759 జనవరి 25న, ఈ సందడంతా ఆ పుట్టినరోజుకే.

కేలీకి, అంటే అందరూ కలిసి ఆడే ఇక్కడి జానపద డాన్స్‌కి, పిలిస్తే మూల కూర్చోకండి. స్టెప్పులు ముందే అరిచి చెప్తారు. స్ట్రిప్ ద విల్లో అనే డాన్స్‌లో తప్పు దిక్కుకి తిరిగినా ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగుతారు. జారే చెప్పులు మాత్రం వద్దు. చివర్లో ఔల్డ్ లాంగ్ సైన్ పాడేటప్పుడు చేతులు అడ్డంగా వేసి పట్టుకునేది ఆఖరి చరణంలోనే. మొదటి నుంచే పట్టుకుంటారు చాలామంది, స్కాట్లాండ్ వాళ్ళతో సహా.

సరే, టెన్షన్ పడకండి, అందరికీ అవుతుంది. నేను పారిపోయిన ఆ ఇంటివాళ్ళే మరుసటి ఏడాది మళ్ళీ పిలిచారు. ఈసారి వాళ్ళే కోటు తొడిగి, గుండీలు పెట్టి బయటికి పంపారు. ఆ తర్వాత ప్రతి హాగ్మనేకీ ఆ గడప నాదే.

ఆ కుర్రాడు ఇది చదివితే: నీ మఫ్లర్ మా ఇంట్లో ఉంది. హాగిస్ కథ చెప్పినాయన నీ గురించి రెండుసార్లు అడిగాడు. నా జుట్టు నెరుస్తోందని ఆ ఇంట్లో అప్పుడే గొణుగుతున్నారు, వచ్చే డిసెంబరు 31కి నల్లజుట్టు మనిషి కావాలట.