మధ్యాహ్నమయితే ఆగిపోయే ఫైల్ సర్వర్

మా ఆఫీసులో ఫైళ్లు పంచుకోవడానికి వాడే సాంబా సర్వర్ మధ్యాహ్నమయ్యేసరికి అందరికీ ఒకేసారి తెగిపోయేది. పింగ్‌కు (యంత్రం నెట్‌వర్క్‌లో ఉందా అని చూసే పలకరింపు) జవాబు వచ్చేది, ఫైళ్ల కోసం సాంబా వాడే 445 పోర్టు మాత్రం పలికేది కాదు. అంటే తప్పు కేబుళ్లది కాదు (అయినా అందరూ ముందు వాటినే మార్చమంటారు!). సాంబా లాగ్‌లో ఏమీ లేదు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్‌లో దొరికింది: ‘ఔట్ ఆఫ్ మెమరీ’ (మెమరీ అయిపోయింది) అంటూ ఒక ఎస్‌ఎంబీడీ (సాంబా ప్రోగ్రామ్) ప్రాసెస్‌ను చంపినట్టు చెప్పే లైను.

సాంబా ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో ప్రాసెస్ నడుపుతుంది. ఒకటి పోతే ఒకరికే తెగాలి కదా? కానీ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ‘ఊమ్ పాలసీ’ (మెమరీ చాలక ప్రాసెస్ చస్తే ఏం చేయాలో చెప్పే సెట్టింగు) డిఫాల్టుగా ‘స్టాప్’. ఒక్క ప్రాసెస్ ఇలా చచ్చినా సర్వీసు మొత్తాన్ని ఆపేస్తుంది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టినట్టు! దాన్ని ‘కంటిన్యూ’ చేశాను. మెమరీని మింగుతున్నది మధ్యాహ్నపు బ్యాకప్. దాన్ని రాత్రికి జరిపి, ‘మెమరీ మ్యాక్స్’ అనే మెమరీ పరిమితితో కళ్లెం వేశాను. కాస్త స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) కూడా కలిపాను, అది అవసరమా అంటే బహుశా కాదు.