అన్నవాహిక క్యాన్సర్: రిపోర్టు చూసి జబ్బు ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడం ఎలా

ఎండోస్కోపీ రిపోర్టులో ముందు సెంటీమీటర్ల అంకె చూడండి. ఆ కొలత ముందు పళ్ల నుంచి మొదలవుతుంది. పెద్దవాళ్లలో అన్నవాహిక సుమారు 15 సెం.మీ. దగ్గర మొదలై 40 దగ్గర జీర్ణాశయంలో కలుస్తుంది. 28 సెం.మీ. వద్ద గడ్డ ఉందంటే అది ఛాతీ నడుమ ఉన్నట్టు. 37 అంటే పొట్ట దగ్గరికి వచ్చినట్టు.

తర్వాత బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష. మన దేశంలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం, అన్నవాహిక లోపలి పొరలోని పలుచటి కణాల్లో పుట్టేది. సిగరెట్, బీడీ, గుట్కా, వక్క, మద్యం దీనికి ముఖ్య కారణాలు. మద్యం ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. దానికి పొగ తోడైతే ముప్పు రెండింతలతో ఆగదు. రెండోది అడినోకార్సినోమా, అంటే స్రావాలు తయారుచేసే కణాల్లో పుట్టే రకం, ఎక్కువగా కింది భాగంలో వస్తుంది. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నితే అక్కడి లోపలి పొర పేగు పొరలా మారిపోతుంది, దాన్నే బారెట్స్ అంటారు. బారెట్స్ ఉన్నవాళ్లలో చాలామందికి క్యాన్సర్ రాదు, అయినా డాక్టర్ చెప్పిన గడువుకు ఎండోస్కోపీ చేయించుకోవాలి.

'డిస్‌ప్లేసియా' అంటే కణాల తీరు చెడింది, ఇంకా లోపలికి చొరబడలేదు అని. అయితే ఎండోస్కోపీలో గడ్డ స్పష్టంగా కనబడుతున్నా బయాప్సీలో 'హై గ్రేడ్ డిస్‌ప్లేసియా' (కణాల తీరు బాగా చెడింది) అని మాత్రమే వస్తే హమ్మయ్య అనుకోవద్దు. ముక్క పైపైన తీసి ఉండవచ్చు. 6 నుంచి 8 ముక్కలు మళ్లీ తీయించాలి.

గడ్డ ఎంత పొడవుందని ఇంట్లో అందరూ అడుగుతారు. స్టేజీ లెక్కకు కావాల్సింది లోతు. రిపోర్టులో 'టీ' అక్షరం ఆ లోతును చెబుతుంది: టీ1ఏ లోపలి పొరకే పరిమితం, టీ1బీ దాని కింది పొరలోకి దిగింది, టీ2 కండరంలోకి వెళ్లింది, టీ3 కండరం దాటింది, టీ4 పక్క అవయవాలను పట్టింది. అన్నవాహికలో లింఫ్ నాళాలు లోపలి పొరలోనే మొదలై నిలువునా పాకుతాయి. అందుకే గడ్డ చిన్నదైనా క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు చేరగలదు. పేగులకు ఉండే బయటి తొడుగు కూడా అన్నవాహికకు లేదు. క్యాన్సర్ చేరిన లింఫ్ గ్రంథుల లెక్క 'ఎన్': ఎన్1 అంటే 1–2 గ్రంథులు, ఎన్2 అంటే 3–6, ఎన్3 అంటే 7 లేదా ఎక్కువ. ఎమ్1 అంటే కాలేయం, ఊపిరితిత్తులు, ఎముకల వంటి దూరపు చోట్లకు పాకిందని.

గొట్టం సాగే గుణం వల్ల జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. దారి దాదాపు 13 మి.మీ.కు కుదించుకుపోయాక గానీ గట్టి ఆహారం అడ్డుపడదు. అప్పుడు కూడా చపాతీ మానేసి, అన్నంలో చారో మజ్జిగో ఎక్కువ పోసుకుని నెలలు నెట్టేస్తారు. ముద్ద దిగడానికి నీళ్లు కావాల్సి వస్తోందంటే గ్యాస్ మాత్రలతో కాలయాపన చేయకుండా ఎండోస్కోపీ చేయించాలి. గొంతు బొంగురుపోయి తగ్గకపోతే స్వరపేటిక నరం మీద ఒత్తిడి పడి ఉండవచ్చు. జబ్బు ఉన్న మనిషికి నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే శ్వాసనాళంలోకి రంధ్రం పడిందేమోనని అనుమానించాలి. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టీ ముందున్న చిన్న అక్షరాన్నీ వదలొద్దు. 'సీ' అంటే పరీక్షలు, స్కాన్ల ఆధారంగా వేసిన అంచనా. 'పీ' అంటే ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని మైక్రోస్కోపు కింద చూసి చెప్పినది. 'వైపీ' అంటే కీమో, రేడియేషన్ లాంటి చికిత్స అయ్యాక ఆపరేషన్ చేసి చూసినది. వైపీటీ0 ఎన్0 అని వస్తే తీసిన భాగంలో క్యాన్సర్ కణాలు దొరకలేదని అర్థం. అప్పుడు కూడా తర్వాతి చెకప్‌లు మానకూడదు.