బడి కమిటీకి మన మాట చేరాలంటే

వానాకాలం వస్తే చాలండి, మా కోనసీమలో బడి బాత్రూంల దగ్గర నీళ్లు నిలిచిపోతాయి, గేటు దగ్గర నోటితో ఎంత చెప్పినా "చూద్దాంలెండి" అంటారు. కాయితమ్మీద పెట్టండి. ఒక్క సమస్యే, ఎప్పట్నించి, ఏం చెయ్యాలి అని నాలుగు లైన్లు రాసి, అయిదారుగురు తల్లులు సంతకాలు పెట్టి, హెచ్ఎం (హెడ్‌మాస్టర్) గారికి ఇచ్చి, మన కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీకి, అదే మన బడి కమిటీకి, కన్వీనర్ హెచ్ఎం గారే కదా. కమిటీ మీటింగ్‌లో అది మినిట్స్ బుక్కులో, అంటే మాట్లాడుకున్నవి రాసే పుస్తకంలో, ఎక్కిందో లేదో చూడండి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో కనీసం ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే, కమిటీలో సగం ఆడవాళ్లు, మొహమాటం దేనికి? ప్రభుత్వ ఎయిడ్ లేని ప్రైవేటు స్కూళ్లకి ఆ చట్టం కింద ఈ కమిటీ ఉండదు, అక్కడైతే ప్రిన్సిపాల్‌కి రాసి, కదలకపోతే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకి వెళ్లాలి.