కరెంటు, వోల్టేజీ: సర్క్యూట్‌లోని ఒక్కో భాగాన్ని మల్టీమీటరుతో పరిశీలించే పద్ధతి

ఓమ్ నియమంతో లెక్క కట్టడం ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవారందరికీ వచ్చు. కానీ ఒక కెపాసిటరునో, రిలే అనే విద్యుదయస్కాంత స్విచ్చిలోని కాయిల్‌నో చేతిలో పెట్టి, స్విచ్చి వేసిన మరుక్షణం దీనిలో కరెంటు ఎంత, దీని కొసల మధ్య వోల్టేజీ ఎంత అని అడిగితే చాలామంది తడుముకుంటారు. సూత్రాలు గుర్తు తెచ్చుకునే ముందు ప్రతి భాగం విషయంలోనూ ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది: ఈ రెండింటిలో దేన్ని ఇది ఉన్నట్టుండి మారనివ్వదు? జవాబు దొరికితే సగం సర్క్యూట్ అర్థమైనట్టే.

ఈ పరిశీలనకు 9 వోల్టుల బ్యాటరీ, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలను గుచ్చి కలిపే పలక), డిజిటల్ మల్టీమీటరు, 470 ఓంలు, 1, 2.2, 10 కిలో ఓంల రెసిస్టర్లు, 1000 మైక్రోఫారడ్‌ల 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు, ఎర్ర ఎల్‌ఈడీ, 1ఎన్4007 డయోడు, 12 వోల్టుల రిలే, చిన్న నియాన్ బల్బు ఉంటే చాలు. ఇవేవీ ఇంటి 230 వోల్టుల సరఫరాకు కలిపి చేసే ప్రయోగాలు కావు.

వోల్టేజీ రెండు బిందువుల మధ్య ఉండేది కాబట్టి మీటరు ప్రోబులను ఆ భాగం రెండు కొసలకూ సమాంతరంగా ఆనించాలి. కరెంటు భాగం గుండా పోయేది కాబట్టి తీగను ఒకచోట విడదీసి, ఆ ఖాళీలో మీటరును శ్రేణిలో కలపాలి. కరెంటు కొలిచే అమరికలో ఉన్న మీటరును నేరుగా బ్యాటరీ కొసలకు ఆనిస్తే అది దాదాపు షార్ట్ సర్క్యూట్ అవుతుంది, లోపలి ఫ్యూజు పోతుంది. కొత్తగా మీటరు పట్టినవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ముందుగా 1, 2.2 కిలో ఓంల రెసిస్టర్లను శ్రేణిలో కలిపి బ్యాటరీకి తగిలించాలి. బ్యాటరీ సరిగ్గా 9 వోల్టులు ఇస్తుందనుకుంటే, ఎక్కడ విడదీసి కొలిచినా కరెంటు ఒకటే, సుమారు 2.8 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజీ మాత్రం 2.8, 6.2 వోల్టులుగా పంచుకుపోతుంది. రెసిస్టరు దేన్నీ అడ్డుకుని ఆపదు. వోల్టేజీ మారిన క్షణమే కరెంటు కూడా అదే నిష్పత్తిలో మారుతుంది. అయితే నిరోధం ఉన్న ప్రతి వస్తువూ ఇంత బుద్ధిగా ఉండదు. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఉంటే హోల్డరు నుంచి తీసి నిరోధం కొలిచి చూడవచ్చు: 230 వోల్టుల లెక్క ప్రకారం సుమారు 880 ఓంలు రావాలి, మీటరు చూపేది అందులో పదో వంతు కూడా ఉండదు, ఎందుకంటే చల్లని టంగ్‌స్టన్ నిరోధం వేడెక్కినదానికంటే చాలా తక్కువ.

ఎల్‌ఈడీ తీరు వేరు. దానిని 1 కిలో ఓం రెసిస్టరుతో శ్రేణిలో కలిపితే సుమారు 7 మిల్లీ ఆంపియర్లు పోతాయి, దాని కొసల మధ్య రమారమి 2 వోల్టులు కనిపిస్తాయి. రెసిస్టరును తీసి 470 ఓంలది పెడితే కరెంటు రెట్టింపు దాటుతుంది, వోల్టేజీ మాత్రం పెద్దగా కదలదు. సిలికాన్ డయోడుదీ ఇదే పద్ధతి. దాని వోల్టేజీ 0.6, 0.7 ప్రాంతంలో నిలబడుతుంది, తిప్పి కలిపితే కరెంటు దాదాపు సున్నా. అందుకే ఎల్‌ఈడీకి రెసిస్టరు తప్పనిసరి: కరెంటుకు హద్దు పెట్టే పని అది తానుగా చేసుకోలేదు.

ఇప్పుడు కెపాసిటరు. నింపాదిగా చూడవలసిన భాగం ఇది. 10 కిలో ఓంల రెసిస్టరుతో శ్రేణిలో కలిపి, రుణ గుర్తున్న కాలును బ్యాటరీ రుణ కొసకే తగిలించాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరును తిరగేస్తే పాడవుతుంది, పేలవచ్చు కూడా. మీటరును కెపాసిటరు కొసల మధ్య ఉంచి స్విచ్చి వేస్తే, మొదటి క్షణంలో వోల్టేజీ సున్నా, కరెంటు 0.9 మిల్లీ ఆంపియర్లు. అంటే ఆ క్షణానికి కెపాసిటరు వట్టి తీగతో సమానం. ఆ తర్వాత వోల్టేజీ పైకి, కరెంటు కిందికి నడుస్తాయి. నిరోధాన్నీ కెపాసిటెన్సునూ గుణిస్తే వచ్చే 10 సెకన్ల కాలంలో వోల్టేజీ 63 శాతానికి, అంటే 5.7కు చేరుతుంది, కరెంటు 0.33కు పడిపోతుంది. 20 సెకన్లకు 7.8 వోల్టులు, 50 సెకన్లకు దాదాపు మొత్తం. ఇలాంటి కెపాసిటర్ల విలువలో ఇరవై శాతం అటూఇటూ తేడా మామూలే కాబట్టి గడియారంతో కాస్త తేడా వస్తే కంగారు పడనక్కరలేదు. వోల్టేజీ మాత్రం ఎప్పుడూ దుమకదు, ఎక్కడమూ దిగడమూ మెల్లగానే. బ్యాటరీ తీసేసినా ఛార్జి నిలిచి ఉంటుంది. 1 కిలో ఓం రెసిస్టరు ఆనించి దింపాలి, స్క్రూడ్రైవరుతో కాదు.

కాయిల్ దీనికి సరిగ్గా తలకిందులు. రిలే కాయిల్‌ను బ్యాటరీకి కలిపితే కరెంటు సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది, కానీ అది సెకనులో చిన్న భాగంలోనే జరిగిపోవడంతో మీటరుకు అందదు. చూడవలసింది తీగ తీసేటప్పుడు. కాయిల్ కొసలకు సమాంతరంగా నియాన్ బల్బు కలిపి, బ్యాటరీ తీగను తటాలున లాగితే, 60 వోల్టులు దాటనిదే వెలగని ఆ బల్బు 9 వోల్టుల బ్యాటరీ దగ్గర ఒక్కసారి నారింజ రంగులో మెరుస్తుంది. కాయిల్ తన కరెంటును ఉన్నట్టుండి ఆగనివ్వదు; దారి తెగితే, ఏదో ఒక దారి దొరికేదాకా వోల్టేజీని వ్యతిరేక దిశలో పెంచుతుంది. ఆ సమయంలో కాయిల్ కొసలను వేళ్లతో పట్టుకోకూడదు, చురుక్కుమంటుంది. ఇప్పుడు 1ఎన్4007 డయోడు గీత ఉన్న కొసను కాయిల్ ధన కొసకు వచ్చేలా సమాంతరంగా కలిపి మళ్లీ తీగ లాగితే మెరుపు ఉండదు. కరెంటు డయోడు గుండా తిరిగి చల్లారుతుంది. ట్రాన్సిస్టరుతో రిలే నడిపే బోర్డులన్నింటిలోనూ ఈ డయోడు ఉండేది ఇందుకే. పాత ట్యూబ్‌లైటులో స్టార్టరు తెరుచుకున్నప్పుడు చోకు ఇచ్చే తన్ను కూడా ఇదే. అక్కడ దానితోనే ట్యూబు వెలిగించారు, ఇక్కడ దాన్ని అణచాలి.

మన 50 హెర్ట్జ్ ఏసీ సరఫరాలో వోల్టేజీ నిరంతరం మారుతూనే ఉంటుంది కాబట్టి ఈ స్వభావాలు కాలం తేడాగా కనిపిస్తాయి. ఒక ఆవృత్తికి 20 మిల్లీ సెకన్లు. ఆదర్శ కెపాసిటరులో కరెంటు వోల్టేజీ కంటే 5 మిల్లీ సెకన్లు ముందు నడుస్తుంది, ఆదర్శ కాయిల్‌లో అంతే వెనకబడుతుంది. సీలింగ్ ఫ్యానులో మనం కండెన్సరు అనే కెపాసిటరు చేసే పని ఈ తేడాను తెచ్చిపెట్టడమే: ఒక వైండింగుతో శ్రేణిలో ఉండి దాని కరెంటును ముందుకు జరుపుతుంది, అందువల్లే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. స్విచ్చి వేస్తే ఫ్యాను గుర్రుమని కదలకుండా ఉండి, చేత్తో తోస్తే తిరగడం మొదలుపెడితే, ముందు అనుమానించవలసింది కండెన్సరునే. మెయిన్ ఆపి, రెసిస్టరుతో ఛార్జి దింపి, కెపాసిటెన్సు అమరిక ఉన్న మీటరుతో కొలవాలి, 2.5 మైక్రోఫారడ్‌లని రాసి ఉన్నది 1.5 చూపితే, అదే విలువ, అదే ఏసీ వోల్టేజీ రేటింగు ఉన్న కొత్తది వేయాలి.