తక్కువ ధరకు కొన్న గిఫ్ట్ కార్డు మొరాయిస్తే: సమస్యలు - పరిష్కారాలు

వంద విలువ చేసే గిఫ్ట్ కార్డు ఎనభైకే దొరుకుతుందంటే చెయ్యి ఊరుకోదు. కొన్నిసార్లు అది నిజంగానే మంచి బేరం. బహుమతిగా వచ్చిన కార్డు అక్కర్లేనివాళ్లు కాస్త తగ్గించి అమ్ముకుంటారు, అప్పుడప్పుడు కంపెనీలే ఆఫర్లు పెడతాయి. చిక్కులు రెండున్నాయి. గిఫ్ట్ కార్డు అంటే చివరికి కొన్ని అంకెలు, అక్షరాలు. డూప్లికేట్ తాళంచెవి తన దగ్గరే ఉంచుకుని ఇల్లు అమ్మినట్టు, అమ్మినవాడి దగ్గర కూడా ఆ కోడ్ ఉండిపోతుంది. పైగా దాన్ని అతను ఎవరి డబ్బుతో కొన్నాడో మనకు తెలియదు. కింద చెప్పే తలనొప్పుల్లో చాలావరకు ఈ రెండింటి నుంచే పుడతాయి.

ఏ సమస్య వచ్చినా ముందు చేయాల్సింది

ఆర్డర్ పేజీలో "అందింది" అనో "కన్ఫర్మ్" అనో బటన్ ఉంటే దాన్ని నొక్కకండి. చాలా మార్కెట్‌ప్లేస్‌లలో (ఎవరైనా తమ కార్డులు అమ్ముకోగల సైట్లలో) ఆ ఒక్క నొక్కుతో మీ డబ్బు అమ్మినవాడి ఖాతాలోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత మీ ఫిర్యాదుకు బలం తగ్గుతుంది. తెర మీద వచ్చిన ఎర్రర్ సందేశాన్ని తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. అమ్మినవాడితో జరిగిన చాటింగ్, ఆర్డర్ నంబరు, డబ్బు కట్టిన రసీదు, అమ్మకం ప్రకటన, అన్నీ దాచండి. ప్రకటనను ముందే స్క్రీన్‌షాట్ తీసుకోవడం మరీ ముఖ్యం, ఎందుకంటే గొడవ మొదలవగానే అది మాయమవుతుంది.

కోడ్‌ను పదేపదే కొట్టి చూడకండి. కొన్ని సైట్లు వరుసగా తప్పు కోడ్‌లు కొడితే కాసేపు రీడీమ్ చేయనివ్వవు, అంటే కోడ్ విలువను ఖాతాలో వేసుకోనివ్వవు.

"కోడ్ చెల్లదు" అని వస్తోంది

ఇది అన్నిటికంటే తేలికైన కేసు కావచ్చు, అన్నిటికంటే చెడ్డదీ కావచ్చు. సున్నాను ఓ అనుకోవడం, ఎనిమిదిని బి అనుకోవడం, అయిదును ఎస్ అనుకోవడం మామూలే. ఫొటోలో పంపిన కోడ్ అయితే మరీను. ఇంకో పొరపాటు, కార్డు మీదున్న సీరియల్ నంబరును కోడ్ అనుకుని కొట్టడం. ఆపిల్ కార్డు అయితే కోడ్ ఎక్స్ అక్షరంతో మొదలవుతుంది, మొత్తం 16 అక్షరాలుంటాయి. ఆటలు అమ్మే స్టీమ్ సైట్ వాలెట్ కోడ్‌లు అయిదేసి అక్షరాల గుంపులుగా ఉంటాయి. మీ చేతిలో ఉన్నది ఆ లెక్కకే సరిపోకపోతే అది కోడే కాదన్నమాట.

అన్నీ సరిచూసుకున్నా చెల్లదనే వస్తే కోడ్ కల్పితమని అనుకోవాలి. అమ్మినవాడు ఇంకో కోడ్ పంపుతానంటే ఒక్కసారి చూడవచ్చు. రెండోదీ అదే బాపతు అయితే మాటలు కట్టిపెట్టి రీఫండ్ అడగండి.

"కార్డు యాక్టివేట్ కాలేదు" అని వస్తోంది

షాపులో వేలాడదీసిన కార్డులో డబ్బేమీ ఉండదు. కౌంటర్ దగ్గర బిల్లు వేసినప్పుడే దానికి విలువ వస్తుంది. షాపులోంచి ఎత్తుకొచ్చినదైనా, బిల్లు వేసేటప్పుడు లోపం వచ్చినదైనా ఉత్త ప్లాస్టిక్ ముక్కే. మొదట కార్డు కొన్న రసీదు ఉంటే కార్డు జారీచేసిన కంపెనీ దాన్ని చూసి యాక్టివేట్ చేసే అవకాశం ఉంది. కాబట్టి అమ్మినవాణ్ని అడగాల్సింది ఆ రసీదు. రసీదు ఎప్పటికీ దొరకదు అని అతను చెబితే మీకు జవాబు దొరికినట్టే.

కొన్నప్పుడు బ్యాలెన్స్ ఉంది, ఇప్పుడు సున్నా

దీనికి మూడు దారులున్నాయి. మీకు కనబడేది మాత్రం ఒకటే సందేశం: "ఈ కార్డు ఇప్పటికే వాడారు."

మొదటిది సూటి మోసం. మీకు బ్యాలెన్స్ చూపించాడు, డబ్బు తీసుకున్నాడు, మీరు వాడేలోపు తనే వాడుకున్నాడు. లేదా అదే కోడ్‌ను నలుగురికి అమ్మాడు, ముందు వాడినవాడిది అదృష్టం.

రెండోది అమ్మినవాడికి కూడా తెలియని మోసం. దొంగలు షాపుల్లోని కార్డుల గీకే పట్టీని లేపి నంబరు, పిన్ రాసుకుంటారు. పైన కొత్త స్టిక్కర్ అంటించి మళ్లీ షాపులోనే పెడతారు. ఎవరో కొనగానే కార్డుకు డబ్బు వస్తుంది, ఆ నిమిషం కోసం వాళ్ల ప్రోగ్రాములు కాచుకుని ఉంటాయి. కార్డు చేతిలో ఉంటే వెలుగులో వంచి చూడండి. పట్టీ అంచు కాస్త వంకరగా ఉండటం, జిగురు గీత కనబడటం, ప్యాకెట్ మూల చింపి అతికించినట్టు ఉండటం, ఇవే గుర్తులు. ఇది అక్కడక్కడా జరిగే చిల్లర దొంగతనం కాదు. అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2023లో దీని మీద ప్రాజెక్ట్ రెడ్ హుక్ పేరుతో ప్రత్యేక దర్యాప్తే మొదలుపెట్టింది. కార్డు ముట్టుకోకుండా కూడా దోచేస్తారు. 2017లో బయటపడ్డ గిఫ్ట్‌గోస్ట్‌బాట్ అనే ప్రోగ్రాము, బ్యాలెన్స్ చూసే పేజీల్లో వరుసగా నంబర్లు కొడుతూ డబ్బున్న కార్డులు ఏవో వెతికేది.

మూడో దారి మనమే తెరుస్తాం. "గిఫ్ట్ కార్డు బ్యాలెన్స్ చూడండి" అని వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ సైట్లు కూడా ఉంటాయి. అమ్మినవాడే ఒక లింకు పంపి, "ఇక్కడ చూసుకోండి, డబ్బులున్నాయి" అంటాడు. అక్కడ కోడ్, పిన్ కొట్టారంటే వాళ్ల చేతిలో పెట్టినట్టే.

మొదటి పని, కార్డు జారీచేసిన కంపెనీ అసలు సైట్‌ను మీరే టైప్ చేసి తెరవండి. వాళ్ల కస్టమర్ కేర్‌ను పట్టుకుని కార్డు నంబరు, సీరియల్ నంబరు చెప్పండి. ఇంకా ఎంతో కొంత మిగిలి ఉంటే ఆపేయమనండి. ఎప్పుడు, ఏ దారిలో వాడారో అడగండి. అన్నీ చెప్పకపోయినా తేదీ, టైమ్ చెబితే చాలు. మీరు కొన్న సమయానికి ముందే వాడి ఉంటే మార్కెట్‌ప్లేస్ ముందు మీ ఫిర్యాదుకు అంతకంటే బలమైన ఆధారం లేదు.

ఇకముందు కొంటే, కోడ్ చేతికొచ్చిన నిమిషంలోనే రీడీమ్ చేసి ఖాతాలో వేసుకోండి. కోడ్ తెరవడం దగ్గర నుంచి రీడీమ్ కొట్టేదాకా తెరను వీడియో రికార్డు చేస్తే ఇంకా మంచిది. "తర్వాత ఎవరికైనా బహుమతి ఇద్దాం" అని పక్కన పెట్టడానికి తక్కువ ధర కార్డు పనికిరాదు. బహుమతికి అసలు ధర పెట్టి అసలు చోటే కొనడం మేలు.

"మీ దేశంలో పని చేయదు" అని వస్తోంది

ఇది మోసం కాకపోవచ్చు. ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనం చూడం. ఆపిల్, గూగుల్ ప్లే, ప్లేస్టేషన్ కార్డులు ఏ దేశానివో ఆ దేశం ఖాతాలోనే పని చేస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే పని, ఖాతా దేశం మార్చేయడం. దానితో కొత్త చిక్కులు వస్తాయి. ఆపిల్ ఖాతాలో ఉన్న బ్యాలెన్స్ ఖర్చు చేస్తేగానీ దేశం మార్చనివ్వదు. గూగుల్ ప్లేలో ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలం. ప్లేస్టేషన్ ఖాతాకు అసలు మార్చే వీలే లేదు. వీపీఎన్ (మీరున్న చోటును దాచే సాఫ్ట్‌వేర్) పెట్టి వేరే దేశంలో ఉన్నట్టు నటిస్తే నిబంధన ఉల్లంఘించినవాళ్లు మీరవుతారు, అప్పుడు అడిగే హక్కు కూడా పోతుంది. కోడ్ వాడకుండా అలాగే ఉంచి, దేశం సంగతి ప్రకటనలో స్పష్టంగా లేదని చూపించి వెనక్కి ఇవ్వడమే దారి. స్పష్టంగా రాసి ఉంటే మాత్రం డబ్బు రావడం కష్టం.

రీడీమ్ అయింది, వాడుకున్నాను, కొన్ని వారాలకు ఖాతా లాక్ అయింది

నా ఉద్దేశంలో అన్నిటికంటే ప్రమాదకరం ఇదే. ఎందుకంటే అప్పటిదాకా అంతా సవ్యంగానే కనబడుతుంది. మీరే ఆ అమ్మకందారుకు అయిదు నక్షత్రాల రేటింగ్ ఇచ్చి ఉంటారు. మిగతావాళ్లూ ఇచ్చే ఉంటారు. "వేలమంది బాగుందన్నారు" అనే మాటకు ఈ వ్యాపారంలో విలువ తక్కువ కావడానికి కారణం అదే: రేటింగ్ మొదటి రోజునే ఇస్తాం, తేడా తర్వాత ఎప్పుడో బయటపడుతుంది.

లోపల జరిగేది ఇది. దొంగిలించిన క్రెడిట్ కార్డు వివరాలతో ఒకడు గిఫ్ట్ కార్డులు కొంటాడు. వాటిని సగానికో, అంతకంటే తక్కువకో అమ్మినా అతనికి లాభమే, పెట్టుబడి అతనిది కాదు కదా. మీరు కట్టిన డబ్బు అతనికి శుభ్రమైన డబ్బు. కొన్నాళ్లకు ఆ క్రెడిట్ కార్డు అసలు యజమాని స్టేట్‌మెంట్ చూసుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు ఆ లావాదేవీని వెనక్కి తిప్పుతుంది. నష్టపోయిన కంపెనీ ఆ గిఫ్ట్ కార్డు ఎక్కడ వాడారో చూస్తుంది. అక్కడ ఉన్నది మీ ఖాతా.

మోసపోయి కట్టినవాళ్ల కార్డులు కూడా ఇలాగే చేతులు మారుతాయి. అధికారులమని బెదిరించి, గిఫ్ట్ కార్డులు కొని కోడ్ చెప్పమనే మోసాల గురించి వినే ఉంటారు. గిఫ్ట్ కార్డులు, రీలోడ్ కార్డుల (డబ్బు నింపుకునే కార్డుల) రూపంలో మోసగాళ్లకు కట్టి పోగొట్టుకున్నామని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు జనం చెప్పిన మొత్తం 21.7 కోట్ల డాలర్లు. అలా రాబట్టిన కోడ్‌లు నగదుగా మారే దారుల్లో చవక అమ్మకం ఒకటి.

గేమ్ కీల (కొన్న ఆటను తెరిచే కోడ్‌ల) విషయంలో ఇది బహిరంగంగానే జరిగింది. దొంగ క్రెడిట్ కార్డులతో కొని వేరే సైట్లలో అమ్మిన కీలను ఆటల కంపెనీ యుబిసాఫ్ట్ 2015 జనవరిలో రద్దు చేసింది. కొన్నవాళ్లు గోల పెట్టాక, అప్పటికే ఆట మొదలుపెట్టినవాళ్లకు తిరిగి ఇచ్చింది. అందరికీ ఆ అదృష్టం పడుతుందని లెక్క వేసుకోకూడదు.

గడువుల దగ్గర ఒక మెలిక ఉంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో క్రెడిట్ కార్డు అసలు యజమాని చేసే ఇలాంటి ఫిర్యాదుకు సాధారణంగా 120 రోజుల వరకు గడువు ఉంటుంది. అమ్మే సైట్ మీకిచ్చే గ్యారంటీ అంతకంటే తక్కువ రోజులైతే, మీ గ్యారంటీ అయిపోయాక కూడా ఆ కార్డు రద్దయ్యే ప్రమాదం ఉంటుంది. కొనేముందు గ్యారంటీ ఎన్ని రోజులో చూసేది అందుకే.

ఖాతా లాక్ అయితే అదే పేరుతో కొత్త ఖాతా తెరిచే పని పెట్టుకోకండి. తప్పించుకోవాలని చూస్తున్నట్టు కనబడుతుంది. కంపెనీకి అధికారిక దారిలోనే అప్పీలు పెట్టి, కార్డు ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారో రసీదులతో సహా నిజం చెప్పండి. "స్నేహితుడు ఇచ్చాడు" వంటి కథ చెబితే తర్వాత రసీదు చూపించలేరు. అప్పీలు నడుస్తుండగానే అమ్మిన సైట్‌లో ఫిర్యాదు వేయండి. ఏళ్లతరబడి కొన్న యాప్‌లు, ఆటలు, ఫొటోలు ఉన్న ఖాతాలో అనుమానం ఉన్న కార్డును ఎప్పుడూ వేయకండి. ఇరవై శాతం కోసం ఆ ఖాతా మొత్తాన్ని పందెం పెట్టడం దండగ.

ధర మరీ తక్కువగా ఉంది

ఇది కూడా ఒక లక్షణమే, కొనేముందు కనబడేది. ఏ దుకాణంలో అయినా దాదాపు నగదులా చెల్లే కార్డును తగ్గించి అమ్మాల్సిన అవసరం ఎవరికీ పెద్దగా ఉండదు. అందుకే గిరాకీ ఎక్కువున్న కార్డుల మీద నిజమైన తగ్గింపు కొద్దిగానే ఉంటుంది. ఒకే బ్రాండు బట్టలకో, ఒకే హోటల్‌కో పనికొచ్చే కార్డు మీద పది, పదిహేను శాతం తగ్గింపు నమ్మదగినదే. ఆపిల్ కార్డు సగం ధరకు వస్తోందంటే, పైగా అదే విలువవి ఒకే మనిషి దగ్గర గుట్టలుగా ఉన్నాయంటే, అవి ఎక్కడివని అడగండి.

అమ్మినవాడు డబ్బు ఇంకో దారిలో పంపమంటున్నాడు

సైట్ బయట చాటింగ్‌కి రమ్మనడం, క్రిప్టోలో కట్టమనడం, పేపాల్‌లో స్నేహితులకు పంపినట్టు పంపమనడం, "మీ పాస్‌వర్డ్ ఇవ్వండి, నేనే ఖాతాలో వేస్తాను" అనడం. ఇందులో ఏది వినబడినా బేరం అక్కడితో ఆపేయండి. స్నేహితులకు పంపే పద్ధతిలో కొనుగోలు రక్షణ ఉండదు, క్రిప్టో వెనక్కి రాదు. వస్తువు కొన్నట్టే కట్టినా, పేపాల్ తన కొనుగోలు రక్షణ నుంచి గిఫ్ట్ కార్డులను మినహాయించింది. ఇది తెలియక ధీమాగా ఉండేవాళ్లు చాలామంది.

పాస్‌వర్డ్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చండి, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కు కూడా వాడుతుంటే ముందు మెయిల్‌దే మార్చాలి.

డబ్బు వెనక్కి రావాలంటే

ముందు మార్కెట్‌ప్లేస్‌లో ఫిర్యాదు, దాని గడువు లోపల. వాళ్లు తేల్చకపోతే మీ క్రెడిట్ కార్డు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం. "చెప్పిన వస్తువు అందలేదు" అని క్లుప్తంగా రాసి, ఎర్రర్ స్క్రీన్‌షాట్, కార్డు కంపెనీ ఇచ్చిన జవాబు జతచేయండి. రెండుచోట్లా ఒకేసారి వేస్తే కొన్ని సైట్లు తమ దగ్గరి ఫిర్యాదును మూసేస్తాయి, అందుకే ఈ వరుస. గడువు దగ్గరపడితే మాత్రం బ్యాంకునే ముందు పట్టుకోండి. మొత్తం పెద్దదైతే సైబర్ క్రైమ్ పోలీసులకు కూడా ఫిర్యాదు ఇవ్వాలి, ఆ ఫిర్యాదు నంబరును బ్యాంకు అడగవచ్చు.

ఫిర్యాదు చేశానని ఆన్‌లైన్‌లో ఎక్కడైనా రాశారంటే, "మీ డబ్బు మేం రప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. ముందే ఫీజు అడిగేవాళ్లు మీ డబ్బు రప్పించరు. జవాబు ఇవ్వకుండా బ్లాక్ చేయండి.